రెండు-ఎనిమిది గాజు

నీలం నీళ్లు గడ్డకట్టిన ప్లాస్టిక్ పలకలను ఫ్రీజర్లోంచి తీసి, పెట్టె గోడలకు ఒక్కొక్కటిగా ఆనించి నిలబెడుతున్నాడు దేవరాజన్. పలకకూ పలకకూ మధ్య వేలు దూరే సందు కూడా ఉండకూడదు. నడుమ డబ్బాలు కూర్చునే తీగబుట్ట పెట్టాడు. మూత వేసి రెండు అరచేతులతో అదిమి, పెట్టెను ఎత్తి ఒకసారి కదిపి చూశాడు. లోపల ఏదీ కదల్లేదు. పెట్టె పిడికి తాడుతో కట్టి ఉన్న ఎర్ర గాజు మాత్రం పెట్టె గోడకు తగిలి చిన్నగా మోగింది.

ఏభై ఎనిమిదేళ్ల మనిషి. బక్కపలచన. కుడి భుజం ఎడమదానికంటే రెండు వేళ్లు కిందికి ఉంటుంది. పద్నాలుగో ఏట మొదలుపెట్టి పదహారేళ్ల పాటు ఆ భుజం మీద గాజుల మలారం మోశాడు. తాళ్లకు గుచ్చిన గాజుల మోపు అది. చూడ్డానికి అందంగా ఉంటుంది గాని మోస్తే తెలుస్తుంది. గోళ్లు మాత్రం ఇప్పటికీ చర్మం దాకా కత్తిరించుకుంటాడు. ఆడవాళ్ల చేతులు పట్టుకునే పనిలో ఉన్నవాడికి గోరు ఉండకూడదని తండ్రి చిన్నప్పుడే నేర్పాడు. వృత్తి పోయింది, అలవాటు మిగిలింది.

ధర్మపురి బస్టాండు వెనక సందులో, మందుల అంగడి మేడమీద మూడు గదులు. అదే ఆఫీసు, అదే ల్యాబు. పరిశోధన చెన్నైవాళ్లది. ఇక్కడ చూసుకునే డాక్టరు షర్మిళ సేలం అమ్మాయి. ఇంట్లో తెలుగు, చదివింది తమిళం, పని అంతా ఇంగ్లీషు. తెలుగు రాయడం ఆమెకూ రాదు, దేవరాజన్‌కూ రాదు. డబ్బాల మీద పేర్లు, వేళలు అతను తమిళంలోనే రాస్తాడు.

"అన్నా, నాలుగు గంటలకు ముందు వచ్చేయాల. పోయిన వారం పదైదు నిమిషాలు లేటు" అంది షర్మిళ, కళ్లు కంప్యూటరు మీదనే పెట్టి.

"వచ్చేస్తాను మేడం."

"ఎవురికీ వైద్యం చెప్పొద్దు. చేయి పట్టుకొని చూసేది అసలే వద్దు. ఏమన్నా ఉంటే యోగలక్ష్మి సిస్టరుకు ఫోన్ చెయ్యండి, అంతే."

ఈ మాట ఆమె నెలకోసారి చెబుతుంది. అతను నెలకోసారి తల ఊపుతాడు. రెండేళ్లుగా ఇద్దరికీ దీనివల్ల ఇబ్బంది ఏమీ కలగలేదు.

మొదట్లో ఆ పని పేరు చెప్పుకోవడానికి దేవరాజన్‌కు నోరు వచ్చేది కాదు. కడుపుతో ఉన్న ఆడవాళ్ల ఇళ్లకు నెలకోసారి వెళ్లాలి. వాళ్లు పొద్దున దొడ్డికి వెళ్లినప్పుడు చిన్న డబ్బాలో తీసిపెట్టిన చిటికెడు మలాన్ని, పలకలు కరగకముందే ధర్మపురి చేర్చాలి. ఎంత మర్యాదగా చెప్పినా అది అంతే. అతన్ని ఈ పనికి పెట్టించింది ఊళ్లు తిరిగే నర్సు యోగలక్ష్మి. ఇలాంటిది అడగడానికి ఏ మగవాడు వచ్చినా తన్ని పంపుతారు, గాజుల దేవరాజన్ వస్తే మాత్రం మంచినీళ్లిస్తారు అని ఆమె లెక్క. లెక్క తప్పలేదు. కడత్తూరు నుంచి పళ్లిపట్టి దాకా తెలుగిళ్లలో అతను చేయి పట్టుకోని అవ్వ లేదు. ఆ అవ్వల కోడళ్లు, మనవరాళ్లు ఇప్పుడు అతన్ని డబ్బా మామ అంటారు. పిల్లలు మోపెడ్ వెనక పరుగెత్తుతూ అంటారు. అతను హారన్ కొట్టి ఊరుకుంటాడు.

పనిలో చేరిన కొత్తలో ఒక సాయంత్రం ధైర్యం చేసి, దీన్నంతా ఏం చేసుకుంటారని షర్మిళను అడిగాడు. ఆమె నవ్వలేదు.

"మన పేగుల్లో కోట్లకొద్దీ సూక్ష్మజీవులు కాపురం ఉంటాయన్నా. మనం తినేదే అవీ తింటాయి. తిని ఏమేమో తయారుచేసి రక్తంలోకి వదుల్తాయి. కొన్ని రక్తనాళాలను సడలిస్తాయి, కొన్ని బిగిస్తాయి అని అనుమానం. కడుపుతో ఉండేవాళ్లలో కొందరికి ఉన్నట్టుండి బీపీ ఎందుకు ఎగుస్తాదో, ఫిట్స్ ఎందుకొస్తాయో ఇంకా ఎవురికీ పూర్తిగా తెల్దు. దీంట్లో ఏమైనా జాడ దొరుకుతాదేమో అని చూస్తా ఉండాము."

"దొరికినాదా మేడం?"

"ఇంకా లేదు. లేదు అని చెప్పేదానికి కూడా ఇన్ని డబ్బాలు కావాల."

ఫిట్స్ అన్న మాట దగ్గర అతని చేతులు ఆగాయి గాని ఆమె చూడలేదు. తెలియదు అని చెప్పే డాక్టరును అతను చూడటం అదే మొదటిసారి. ముప్పై ఏళ్ల కిందట అందరికీ అన్నీ తెలుసు. దిష్టి అన్నారు, గాలి అన్నారు, ముహూర్తం అన్నారు. తెలియదన్న వాడు ఒక్కడు లేడు. ఆ సాయంత్రం నుంచి ఆ పెట్టె మోయడం అతనికి నామోషీ అనిపించలేదు. ఇంటికి వెళ్లి, మేకుకు వేలాడుతున్న ఎర్ర గాజును తెచ్చి పెట్టె పిడికి కట్టాడు. ఎందుకని ఎవరూ అడగలేదు. గుర్తుకోసం కట్టుకున్నాడనుకున్నారు.

కడత్తూరులో ఆ రోజు మొదటి ఇల్లు మోహనప్రియది. ఆరో నెల. డబ్బాను నల్ల కవరులో చుట్టి, దాన్ని ఇంకో కవరులో పెట్టి, నగల పొట్లంలా అందించింది. దేవరాజన్ అరుగు మీద కూర్చుని కాగితం తీశాడు. ఈ నెలలో యాంటీబయాటిక్ మాత్రలేమైనా వాడావా? పెరుగు ఎన్ని పూటలు? చద్దన్నం తింటావా? రాత్రి ఏం తిన్నావు?

"బిరియాని. అది రాయొద్దు పెదనాయనా, డాక్టరమ్మ తిడ్తాది."

"నేను రాయకపోయినా నీ కడుపులో ఉండేటివి చెప్పేస్తాయి పాపా. వాటికి అబద్ధం తెల్దు."

ఆ పిల్ల నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వుతున్న ఆ చేతిని దేవరాజన్ చూశాడు. రెండు-నాలుగు. గాజు ముంజేతి మీద హాయిగా తిరుగుతోంది. చూడాలని కాదు, చూడకుండా ఉండలేడు. రెండంగుళాల మీద ఎన్ని వీసాలో, అంగుళంలో ఎన్ని పదహారో వంతులో, చేతిని చూడగానే అతనికి లోపల పలుకుతుంది. బస్సులో టిక్కెట్టు అడిగే చేతులు, అంగట్లో చిల్లర అందుకునే చేతులు, షర్మిళ కీబోర్డు మీది చేతులు, అన్నింటికీ కొలత ఉంది. షర్మిళది రెండు-నాలుగు. యోగలక్ష్మిది రెండు-ఆరు, ఎడమది కొంచెం బిగువు.

పళ్లిపట్టి చేరేసరికి పదకొండు దాటింది. పుట్టమ్మ ఇంటి ముందు టమోటా పెట్టెలు వరసగా పేర్చి ఉన్నాయి. మొగుడు సుబ్బరాయన్ తెల్లారే మండీకి పోయాడు. కొడుకు ముఖేశ్ హోసూరు ఫ్యాక్టరీలో పని, శనివారాలే వస్తాడు. కోడలు కీర్తికకు ఎనిమిదో నెల. ఏడో నెలలో గాజుల వేడుక చేసి పుట్టింటికి పంపడం ఆనవాయితీ. తల్లి తిరుప్పూరు మిల్లులో పనికి పోతుంది కాబట్టి పిల్ల అత్తగారింట్లోనే ఉండిపోయింది.

డబ్బా అరుగు మీద సిద్ధంగా ఉంది. ఈ ఇంట్లో ఎప్పుడూ అంతే. మిగతా ఇళ్లలో మరిచిపోతారు, సిగ్గుపడతారు, రేపు రమ్మంటారు. పుట్టమ్మ ఇంట్లో అతను మోపెడ్ దిగకముందే డబ్బా ఉంటుంది, పక్కన కాఫీ ఉంటుంది. రెండు నెలల కిందట ఏ వేళకు తీసిందని అడిగితే కీర్తిక అత్త ముఖం చూసి నవ్వు ఆపుకుంది. దేవరాజన్‌కు అప్పుడే అర్థమైంది, డబ్బాలోది కోడలిది కాదని. అడుగుదామనుకున్నాడు. కాఫీ బాగుంది. పోనీలే అనుకుని వేళ రాసుకుని వెళ్లిపోయాడు.

"రా అన్నా, కూర్చో" అంది పుట్టమ్మ. "నీతో ఒక తకరారు ఉండాది. నీవు చెప్పిన కొలత తప్పు."

"ఏ కొలత?"

"కోడలి గాజులది. రెండు-ఆరు అంటివి. నీ మాట నమ్మి అవే తెస్తిని. ఇప్పుడు చూడు, కండలో దిగబడినాయి. ఇంకొక సైజు పెద్దవి తేవాల. నీవే చెప్పు, ఏది తేవాల."

వేడుకకు ముందు ఆమె పట్టుబట్టి అడిగితే, కీర్తిక వేళ్లు కలిపి పట్టుకుని అతనే చెప్పాడు. కొలత అడగడం వైద్యం కిందికి రాదనుకున్నాడు. వేడుక రోజున గుమ్మంలో నిలబడి చూశాడు కూడా. రెండు చేతులకూ కలిపి ఇరవై ఒక్క ఎర్ర, ఆకుపచ్చ గాజులు. చేయి ఎత్తితే మోచేతివైపు జారి, దించితే మణికట్టు మీద గలగలమని వచ్చి పడేవి.

"నా చేయి కొలత తప్పదు పుట్టమ్మా" అన్నాడు. కొంచెం రోషంగానే అన్నాడు.

"మరి ఇదేంది? కీర్తికా, ఇట్ల రా."

కీర్తిక గోడ పట్టుకుని బయటికి వచ్చింది. ఇరవై రెండేళ్ల పిల్ల. ముఖం నిండుగా, నున్నగా, కళ్ల కింద ఉబ్బి ఉంది. వెలుతురు పడగానే కళ్లు చికిలించింది. చేయి చాచింది. గాజులు కదల్లేదు. ఒకదానికొకటి అతుక్కుని, మణికట్టు చర్మంలో ఎర్రటి గాడి చేసుకుని ఉన్నాయి.

దేవరాజన్ చేయి పట్టుకున్నాడు. పట్టుకోకూడదన్న సంగతి అతనికి గుర్తు రాలేదు. బొటనవేలితో మణికట్టు పైన మెల్లగా నొక్కి వదిలాడు. గుంట పడింది. పడిన గుంట అలాగే ఉంది.

ఈ గుంట అతనికి తెలుసు.

అతని పెళ్లాం కమలవేణి తొప్పూరు పిల్ల. చేయి రెండు-నాలుగు. పెళ్లిచూపుల్లో తలెత్తి ముఖం చూసే ధైర్యం లేక చేతినే చూశాడు కాబట్టి ఆ కొలత మరిచిపోయే ప్రశ్న లేదు. ఎనిమిదో నెలలో గాజులు బిగిశాయని చేయి చాచింది. చేయి పట్టుకోగానే లోపల పలికింది, ఈ చేయి నిన్నటి చేయి కాదని. పలికింది, అతను విన్నాడు. విని, "నేనే కొలత తప్పినానేమో" అని నవ్వాడు. సబ్బు నురగతో పాతవి తీసి, మలారంలోంచి ఏరి ఏరి రెండు-ఎనిమిది ఎర్ర గాజులు డజను తొడిగాడు. ఒక్కసారే రెండు సైజులు. పెళ్లాం ఒళ్లు చేసిందని మురిసిపోయాడు. తల్లి దిష్టి తీసింది. తలనొప్పి అంటే శొంఠి పట్టు వేశారు. తొమ్మిదో రోజు మధ్యాహ్నం అన్నం వడ్డిస్తూ వడ్డిస్తూ గరిటె వదిలేసి పడిపోయింది. కాళ్లూ చేతులూ కొట్టుకున్నాయి. వ్యాను దొరికి ఆసుపత్రికి చేరేలోపే తల్లీ బిడ్డా ఇద్దరూ పోయారు. నేల మీద గాజు పెంకులు ఊడుస్తుంటే, డజనులో ఒక్కటి మాత్రం పగలకుండా గోడవారకు దొర్లిపోయి కనిపించింది.

వాళ్ల ఇంట్లో ఒక రివాజు ఉంది. తన చేత్తో తొడిగిన గాజు ఆడమనిషి చేతి మీద పగిలితే, ఆ రోజుకు మలారం దించేయాలి. మళ్లీ ఎత్తకూడదు. దేవరాజన్ ఆ రోజు దించినవాడు ఇరవై ఎనిమిదేళ్లయినా ఎత్తలేదు. కిరాణా అంగట్లో పొట్లాలు కట్టాడు, కల్యాణ మండపానికి కాపలా ఉన్నాడు. ఇంకో పెళ్లి మాట ఎత్తినవాళ్లకు టీ ఇచ్చి పంపేశాడు.

"తల నొస్తా ఉండాదా పాపా?"

"నిన్నటి నుంచి పెదనాయనా. మాత్ర వేసుకొన్నా పోలేదు. కండ్ల ముందర ఏమో మిణుకు మిణుకు అంటాది."

"ఇక్కడ, డొక్క కింద?"

"నొప్పి. అన్నం అరగలేదు అనుకొంటిమి."

పుట్టమ్మ తేలిగ్గా అంది, "నీరు దిగినాది అన్నా. ఎనిమిదో నెలలో అందరికీ దిగుతాది. నాకూ దిగె. బార్లీ నీళ్లు ఇస్తా ఉండాను. మంగళవారం చెకప్పు ఎట్లనూ ఉండాది. నీవు సైజు చెప్పు, సాలు."

సైజు చెప్పు. నాలుక చివర ఉంది ఆ మాట. రెండు-ఎనిమిది అంటే పుట్టమ్మ సంతోషిస్తుంది, కాఫీ తాగి బయల్దేరొచ్చు, నాలుగు గంటలకు ధర్మపురి చేరొచ్చు.

"కొలత తప్పలేదమ్మా" అన్నాడు దేవరాజన్. "చేయి తప్పినాది. ఈ బిడ్డను ఇప్పుడే ఆసుపత్రికి తీసకపోవాల. మంగళవారం కాదు, ఇప్పుడు."

ఫోన్ తీసి యోగలక్ష్మికి చెప్పాడు. ఆమె అట్టే ప్రశ్నలు వేయలేదు. కళ్లు మిణుకుమంటున్నాయన్న మాట వినగానే "నూటెనిమిదికి నేను చేస్తాను, నేనూ వస్తా ఉండాను, పండబెట్టు, ఎడమవైపు" అని పెట్టేసింది. ఇరవై నిమిషాల్లో కడత్తూరు నుంచి స్కూటరు మీద దుమ్ములో వచ్చింది. పట్టీ చుట్టి గాలి కొట్టింది. ఒకసారి చూసి, ఇంకోసారి కొట్టి చూసింది.

"నూట డెబ్బై నాలుగు. కింద నూట పదహారు" అంది. "పది రోజుల కింద బాగానే ఉండింది గదా! పుట్టమ్మక్కా, ఒక చీర, కార్డు తీసుకో. ఆంబులెన్సు వండి వస్తా ఉండాది."

పుట్టమ్మ కదల్లేదు. కోడలి పక్కన కూర్చుని ఆ రెండు చేతులనూ తన చేతులతో కప్పుకుంది.

"అక్కడ గాజులు కత్తిరిస్తారు. నాకు తెల్సు. మా చెల్లెలికి కత్తెర పెట్టి పట పట పగలగొట్టినారు, బిడ్డ దక్కలేదు. నొప్పులు రాకముందర వేడుక గాజులు తీసేది గాని పగిలేది గాని కూడదు. ముఖేశుకు ఏమని చెప్పేది? నేను పంపను."

"అక్కా, గాజులా ముఖ్యం?" అంది యోగలక్ష్మి. పుట్టమ్మ ఆమె వైపు చూడను కూడా లేదు. మొండితనం కాదది, భయం. దేవరాజన్‌కు అది తెలిసినంతగా యోగలక్ష్మికి తెలియదు.

అతను పెట్టె దించి అరుగు మీద పెట్టాడు. కండువా తీసి మడత పెట్టాడు.

"పుట్టమ్మా, మేము ఎన్ని తరాలుగా గాజులోళ్లం?"

"అదేంది ఇప్పుడు?"

"చెప్పు."

"మా అవ్వకు మీ తాత తొడిగినాడంట."

"అయితే విను. పొరుగోళ్లు తీస్తేనే తీసినట్టు. గాజులోడు తీస్తే తీసినట్టు కాదు, కొలత మార్చినట్టు. మా ఇంటి శాస్త్రం అది. ఒక్కటి పగలకుండా నేను తీస్తాను. బిడ్డ పుట్టినాక మళ్లీ తొడుగు."

అలాంటి శాస్త్రం ఏదీ లేదు. అతను అప్పటికప్పుడు కట్టిన మాట అది. పుట్టమ్మ అతని ముఖంలోకి చూసింది. తర్వాత చేతులు తీసేసి, సబ్బూ నీళ్లూ తేవడానికి లేచింది.

దేవరాజన్ కీర్తిక చేతిని తలకంటే ఎత్తుగా తన భుజం మీద ఆనించుకుని కాసేపు అలాగే ఉంచాడు. నీరు కొంచెం వెనక్కి జారాలి. నురగ పట్టించాడు. నాలుగు వేళ్లూ ఒకదగ్గరకు చేర్చి, బొటనవేలిని అరచేతిలోకి మడిచి, దాని మొదటి ఎముకను తన రెండు వేళ్లతో లోపలికి అదిమి పట్టాడు. చేయి చేపలా సన్నబడింది. గాజును లాగలేదు. గాజును అక్కడే ఉంచి చేతిని దాంట్లోంచి తీశాడు. మొదటిది వచ్చింది. రెండోది వచ్చింది. ఇరవై ఎనిమిదేళ్లుగా మూలన పడి ఉన్న ఆ నేర్పు, నిన్నటిదాకా చేస్తున్నట్టే వేళ్లలో ఉంది.

"నొప్పిగా ఉండాదా?"

"లేదు పెదనాయనా" అంది కీర్తిక కళ్లు మూసుకుని. ఆమె కళ్లలోంచి నీళ్లు చెవుల వైపు కారుతున్నాయి. పుట్టమ్మ కొంగుతో తుడిచింది.

ఎడమ చేతివి పదీ వచ్చాయి. కుడి చేతివి పది వచ్చాయి. పుట్టమ్మ ఒక్కొక్కటీ కడిగి ఇత్తడి తట్టలో పెడుతోంది. ఇరవై ఒకటోది, గాడిలో పూర్తిగా కూరుకుపోయిన ఎర్ర గాజు, కదల్లేదు. దూరంగా వండి కూత వినిపించింది. ఇంకోసారి నురగ పట్టించాడు. కదల్లేదు. బలం చేస్తే చర్మం చీలుతుంది. వదిలేస్తే ఆసుపత్రిలో కత్తెర పడుతుంది.

దేవరాజన్ కండువా అంచును గాజు కిందికి సూదిలా జొనిపాడు. తన అరచేతిని దాని మీద కప్పి, పిడికిలి బిగించాడు. టక్కుమని చిన్న చప్పుడు. పెంకు ఒక్కటి కూడా ఆ పిల్ల చర్మానికి తగల్లేదు. అతని అరచేతిలోంచి నెత్తురు సన్నగా కండువాలోకి దిగింది. పుట్టమ్మ చూసింది. కోడలి చేతిని కొంగుతో తుడిచింది.

స్ట్రెచరు ఎక్కించారు. యోగలక్ష్మి ముందు కూర్చుంది. పుట్టమ్మ ఒక కాలు వండిలో పెట్టి, మళ్లీ దిగి, దేవరాజన్ దగ్గరకు గబగబా వచ్చింది.

"అన్నా, ఆ డబ్బా తీసకపోవద్దు. అది దానిది కాదు. నాది. మూడు నెలలుగా నాదే ఇస్తా ఉండాను. కడుపుతో ఉండే బిడ్డ ఒంటిది ఏదీ వాకిలి దాటకూడదని భయం. తప్పు చేస్తిని. దానికేమీ కాదు గదా అన్నా?"

"ఏమీ కాదు. ఎక్కమ్మా, సీక్రం ఎక్కు."

వండి మలుపు తిరిగి సేలం రోడ్డు వైపు వెళ్లిపోయింది. టమోటా పెట్టెల మీద దుమ్ము మెల్లగా దిగింది. దేవరాజన్ అరచేతికి కండువా చుట్టుకుని, అరుగు మీది నురగ నీళ్లు ఒలకబోసి, తలుపు దగ్గరకు లాగి గొళ్లెం పెట్టాడు. తర్వాత మిగిలిన రెండిళ్లకూ వెళ్లాడు. వెళ్లకుండా ఎలా ఉంటాడు? అక్కడ కడుపుతో ఉన్న ఇద్దరు ఆడపిల్లలు పొద్దుటి నుంచి కాచుకుని ఉన్నారు. ఆ ఇద్దరి చేతులూ పట్టుకునే చూశాడు, దాచుకోకుండా. గాజులు తిరుగుతున్నాయి.

ధర్మపురి చేరేసరికి అయిదుంబావు. పెట్టెలోని థర్మామీటరు చూసి షర్మిళ పెదవి విరిచింది. రోజంతా తిరిగిన మూడు డబ్బాలూ పనికిరావని పక్కన పెట్టింది. యోగలక్ష్మి ఫోన్‌లో అంతా చెప్పినట్టుంది, కోపం తెచ్చుకోలేదు. అతని చేతికి తనే మందు రాసి కట్టు కట్టింది.

ఆరున్నరకు ఫోన్ వచ్చింది. యోగలక్ష్మి. ఫిట్స్ రాకుండా సూది వేశారు, ఆపరేషన్ అయింది, ఆడపిల్ల. కిలో ఆరువందలు. బిడ్డను వెచ్చటి గాజు పెట్టెలో పెట్టారు, ఏడ్చింది. కీర్తిక బీపీ దిగుతోంది, ఇంకో రెండు రోజులు కనిపెట్టుకుని ఉండాలి, మాట్లాడింది. తర్వాత పుట్టమ్మ ఫోన్ అందుకుంది.

"అన్నా, వేడుక గాజులు పురుడు పోసినోళ్లకు ఇయ్యాల. అది మా ఇంటి శాస్త్రం, నిజంగా ఉండే శాస్త్రం." ఆమె గొంతులో నవ్వూ ఏడుపూ కలిసిపోయాయి. "ఆ ఇరవై గాజులూ నీవి. వచ్చి తీసకపో."

దేవరాజన్ కిటికీలోంచి బస్టాండు వైపు చూస్తూ నిలబడ్డాడు. ఆనందం అంటే ఇలా ఉంటుందని అతను మరిచిపోయాడు. గుండెలో బరువు దిగినచోట నొప్పిగా ఉంది.

"మా ఇంట్లో వేసుకొనేవాళ్లు లేరు గదమ్మా" అన్నాడు చివరికి. "నీ మనవరాలికి దాచు. పెద్దదయినాక నేను ఉంటే కొలత చెప్తాను."

ఫోన్ జేబులో వేసుకుని షర్మిళ బల్ల దగ్గరకు వచ్చాడు. ఒక మాట చెప్పాలన్నాడు. పుట్టమ్మ ఇంటి డబ్బాల సంగతి చెప్పాడు. మూడు నెలలవీ అత్తవని.

షర్మిళ కలం కింద పెట్టింది. "అయ్యో. బీపీ వచ్చిన మనిషి డబ్బాలే మాకు ముఖ్యం అన్నా. వచ్చేదానికి ముందర పేగుల్లో ఏమి మారిందో చూడాలనే కదా ఇదంతా. ఒక్కరి జాడ పోయినట్టే." తలెత్తి, "మీకు ఈ రోజే తెల్సిందా?" అని అడిగింది.

అవునంటే సరిపోయేది.

"రెండు నెలల నుంచి తెల్సు మేడం. చెప్పలేదు."

"ఎందుకు?"

"పోనీలే అనుకొంటిని. తెల్సీ నోరు మూసుకొనేది నాకు ఇది రెండోసారి." అతను మెడలోని గుర్తింపు కార్డు తీసి బల్ల మీద పెట్టాడు. మోపెడ్ తాళం దాని పక్కన పెట్టాడు. "ఈ పొద్దు నా చేతిలో గాజు పగిలినాది. మా ఇంట్లో రివాజు, గాజు పగిలితే బరువు దించేయాల. దించేస్తాను."

"ఎవురూ మిమ్మల్ని పొమ్మనలేదు అన్నా. ఆ బిడ్డ బతికింది మీవల్లే."

"దానికే మేడం. పోయినసారి చావు చూసి దించితిని. ఇప్పుడు దించితే నిమ్మళంగా దించినట్టు ఉంటాది." ఆమెకు అర్థం కాలేదని తెలిసి, కొంచెం నవ్వాడు. "మీరు వెతికేది దొరకాల. తెల్దు తెల్దు అనుకొంటానే వెతకండి. ఆ మాట నాకు శానా నచ్చినాది."

పలకలు తీసి ఫ్రీజర్లో వరసగా పేర్చాడు. తీగబుట్ట కడిగి బోర్లించాడు. పెట్టె తుడిచి, మూత కొంచెం తెరిచి పెట్టాడు, లోపల తడి ఆరడానికి. పిడికి ఉన్న తాడు ముడి మీద కట్టు కట్టిన చేయి వేసి కాసేపు నిలబడ్డాడు. విప్పలేదు. కుడి భుజం కిందికి వాలి ఉన్న ఆ మనిషి మెట్లు దిగి, సందు చివర తొప్పూరు మీదుగా వెళ్లే బస్సు ఎక్కడం షర్మిళ కిటికీలోంచి చూసింది.

గది తాళం వేయబోతూ ఆమె వెనక్కి వచ్చింది. మరిచిపోయాడేమో, పంపిద్దామని ముడి విప్పి గాజును చేతిలోకి తీసుకుంది. సన్నటి ఎర్ర గాజు, ఎక్కడా చిన్న పగులు కూడా లేదు. ఊరికే తొడుక్కుని చూసింది. అది ఆమె చేతికి ఎక్కడా తగలకుండా ముంజేయి సగం దాకా జారిపోయింది. ఇంత పెద్ద గాజు ఎవరిదో అనుకుంటూ తీసి మళ్లీ పెట్టె పిడికే కట్టింది. ఖాళీ పెట్టెకు తగులుతూ అది అక్కడే వేలాడుతోంది.